నీటి వెంట దిగిన ఇంజన్లు

బావిలోకి దించిన లాంతరు, గోడలో తొలిచిన మూడో అరుగు దగ్గరికి చేరగానే ఆరిపోయింది. మేస్త్రీ గారు తాడు పైకి లాగి, వత్తి మళ్లీ వెలిగించి, ఈసారి ఇంకా నెమ్మదిగా వదిలారు. మళ్లీ అక్కడే ఆరింది.

"ఈ రోజు రెండో అరుగు దాటి ఎవరూ దిగొద్దు" అన్నారు.

అనంతపురం నుంచి ఎనభై కిలోమీటర్లకు పైగా వచ్చాం. అద్దె సామాను, ఇద్దరు కుర్రాళ్లు, రెండు రోజులకు సరిపడా సద్ది. బావిలోంచి తీయాల్సిన మూడు పాత ఆయిల్ ఇంజన్లలో మూడోది సరిగ్గా ఆ అరుగు మీదే ఉంది. అయినా ఆయన మాటకు ఎదురు చెప్పే పని లేదు. ఏళ్ల తరబడి మనిషి దిగని బావిలో అడుగున చెడ్డగాలి నిలుస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. దీపం బతకని చోట మనిషి ప్రాణానికీ ప్రమాదమే. కుర్రాళ్ల చేత పొలం గట్టున ఉన్న వేపచెట్టు కొమ్మలు కొట్టించి, పెద్ద కట్టగా కట్టి, తాడుతో బావిలోకి దించి, కవ్వం తిప్పినట్టు పైకీ కిందికీ ఆడించాం. నాలుగు బిందెల నీళ్లు ఎత్తు నుంచి చిమ్మాం. సాయంత్రం కూడా అదే పని చేశాం. మర్నాడు పొద్దున లాంతరు అడుగుదాకా వెళ్లి, పావుగంట నిలిచి, వెలుగుతూనే పైకి వచ్చింది. అప్పుడు దిగాం.

నాది అనంతపురంలో లేత్ పని. మా నాన్న ఆయిల్ ఇంజన్ల మెకానిక్. చిన్నప్పుడు ఆయన సైకిలు వెనక, పానాల సంచి ఒళ్లో పెట్టుకుని, ఎన్ని బావుల దగ్గరికి వెళ్లానో లెక్క లేదు. ఇంజను బాగుపడి నీళ్లు పారగానే రైతు ముఖంలో వచ్చే మార్పు నేను ముందు చూశాను, ఆ తర్వాతే పని నేర్చుకున్నాను. ఇంజనును చల్లబరిచి బయటికి వచ్చే వేడినీళ్ల కింద మా ఈడు పిల్లలంతా స్నానం చేసేవాళ్లం. చలికాలం పొద్దున ఆ గొట్టం కింద నిలబడితే ఇంటికి రావాలనిపించేది కాదు.

ఆ ఇంజన్లన్నీ నా కళ్ల ముందే పోయాయి. ముందు కరెంటు మోటార్లు వచ్చాయి, తర్వాత బోర్లు వచ్చాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక డబ్బు పెట్టి డీజిల్ కొని నీళ్లు తోడాల్సిన అవసరం చాలామందికి తీరిపోయింది. రైతుకు అది మేలే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ తర్వాత పాత ఇనుము బండ్లు ఊరూరా తిరిగి, ముప్పై నలభై ఏళ్లు ఊళ్లకు అన్నం పెట్టిన యంత్రాలను సమ్మెటలతో పగలగొట్టి, కిలోల లెక్కన తూకం వేసుకుని వెళ్లాయి. పోతపోసిన ఇనుము గాజులాంటిది. నాలుగు దెబ్బలకు ముక్కలవుతుంది. నా షాపు ముందు నుంచి అలాంటి ముక్కల లారీ వెళ్లినప్పుడల్లా నాన్న కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. ఆయన పోయాక నేను వెతకడం మొదలుపెట్టాను.

ఈ పొలం సంగతి కళ్యాణదుర్గంలో ఉండే మేస్త్రీ గారి ద్వారా తెలిసింది. ఆయన నాన్నతో కలిసి పని చేసినవారు. డెబ్బై దాటినా చేతి పట్టు సడలలేదు. "ఒక బావి ఉంది. అందులో మూడు ఇంజన్లు ఉన్నాయి. దారి లేదు కాబట్టే మిగిలాయి" అన్నారు ఫోనులో.

దారి లేదన్న మాట అక్షరాలా నిజం. కళ్యాణదుర్గం దాటి, చివరి ఊరి దగ్గర తారు రోడ్డు వదిలి, వేరుశనగ చేల మధ్య బండి బాట పట్టాలి. ఆ బాట ఒక వంకలో దిగి మాయమవుతుంది. వంక అవతల గుట్ట, దాని వెనక పొలం. కరెంటు స్తంభాలు వంక ఇవతలే ఆగిపోయాయి. అందుకే ఆ రైతు కుటుంబం మిగతా వాళ్లకంటే చాలా ఏళ్లు ఎక్కువగా డీజిల్ మీదే బతికింది, అందుకే ఇంజన్లు ఉండిపోయాయి. చివరికి వాళ్లు కూడా ఊరి పక్కన ఉన్న రెండెకరాల్లో బోరు వేసుకుని అటు వెళ్లిపోయారు. గుట్ట వెనక పొలం బీడు పడింది.

నేను మొదటిసారి ఒంటరిగా వెళ్లాను. ఆ రైతు కుటుంబం పెద్దాయన నాతో నడిచి వచ్చి బావి చూపించారు. నా జీవితంలో చాలా బావులు చూశాను గానీ అంత స్పష్టంగా తన చరిత్ర తానే చెప్పే బావిని చూడలేదు. ముప్పై అడుగుల చదరం, యాభై అడుగుల లోతు. పై పదిహేను అడుగులు రాతి కట్టడం, కింద అంతా తొలిచిన బండ. గోడ వెంబడి మెట్లు. అంచున ఎద్దులతో నీళ్లు తోడిన కాలపు రెండు కపిల రాళ్లు, వాటి వెనక ఎద్దులు నడిచిన వాలు బాట. పన్నెండు అడుగుల లోతున గోడ తొలిచి ఒక అరుగు. ఇరవై రెండు అడుగుల దగ్గర మరో అరుగు. ముప్పై నాలుగు దగ్గర ఇంకొకటి. ప్రతి అరుగు మీద ఒక ఇంజను.

తెలియని వాళ్లకు ఇంజన్లు బావిలో ఎందుకని అనిపిస్తుంది. పంపు నీటిని పీలుస్తుందని మనం అంటాం గానీ, నిజానికి పైపులో గాలి తీసేస్తే బయటి గాలి బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ బరువు లెక్క ప్రకారం పది మీటర్ల దాకా నెట్టగలదు. పొలంలో, పైపు అడుగున ఉండే పాత ఫుట్‌వాల్వుతో, ఆరేడు మీటర్లు దాటితే పంపు నీళ్లు వదిలేస్తుంది. పైకి నెట్టడానికి ఆ ఇబ్బంది లేదు, ఇంజను బలం ఉన్నంత ఎత్తుకు నెట్టవచ్చు. కాబట్టి నీరు కిందికి పోతే పంపు కూడా కిందికి పోవాలి, పంపుతో పాటు ఇంజను పోవాలి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన కురిసే జిల్లాలో ఆ మూడు అరుగులు మూడు కాలాల నీటి మట్టాలు.

"మా నాయన కాలంలో ఇంజను పైనే ఉండేది" అన్నారు పెద్దాయన, కపిల రాయికి ఆనుకుని. "1956లో సర్కారు ఇచ్చే తక్కావి అప్పు చేసి బళ్లారిలో కొన్నాడు. ఎద్దుల బండి మీద తెచ్చారట. నాకు అప్పటికి ఊహ తెలియదు. అరవై అయిదు, అరవై ఆరు కరువులో నీళ్లు పోయాయి. అప్పుడు మొదటి అరుగు కొట్టించాడు. డెబ్బై ఎనిమిదిలో రెండోది, ఎనభై ఆరులో మూడోది. తర్వాత కొట్టడానికి కింద నీళ్లు లేవు."

బావిలో ఇంజను నడపడం ప్రాణాలతో చెలగాటం. పొగ గొట్టాన్ని అంచు దాటి పైకి పెట్టకపోతే ఆ పొగ బావిలోనే నిలుస్తుంది. అలా బావిలో దిగి పైకి రాని మనుషుల కథలు ఆ ప్రాంతంలో ప్రతి ఊరికీ ఉన్నాయి. ఈ బావిలో మాత్రం మూడు ఇంజన్ల పొగ గొట్టాలూ గోడకు ఇనుప పట్టీలు కొట్టి పైదాకా తెచ్చారు. ఆ పట్టీలు ఇంకా చెక్కుచెదరలేదు. ఆ ఒక్కటి చూసి ఆ ఇంటి పెద్ద మీద నాకు గౌరవం కలిగింది.

మొదటి అరుగు మీది ఇంజను దగ్గర చతికిలబడి కూర్చున్నాను. గిజిగాళ్లు వదిలేసిన గూళ్లు తుమ్మకొమ్మ నుంచి తల మీద వేలాడుతున్నాయి. ఇంజను మీద గడ్డకట్టిన జిడ్డు, దాని మీద మట్టి, దాని మీద పావురాల రెట్ట. జేబులోని చాకుతో ఒక చోట గీకితే కింద ముదురు ఆకుపచ్చ రంగు బయటపడింది. ఇరుపక్కలా ఉండే బరువైన చక్రాలు, ఫ్లైవీళ్లు, రెండూ ఆకులున్న పాత రకం. ఇంజను మొండెం లాంటి క్రాంక్‌కేసు తలుపు మీద పోత అక్షరాలు వేళ్లకు తగులుతున్నాయి. లిస్టర్. ఇంగ్లండు సరుకు. పేరు పలక మాత్రం లేదు, దాని నాలుగు మేకుల గుంటలే ఉన్నాయి. డీజిల్ పంపు, డీజిల్‌ను సిలిండరులోకి చిమ్మే నాజిల్ కూడా లేవు. ఇత్తడి కోసం, రాగి గొట్టాల కోసం ఎవరో విప్పుకుని పోయారు.

ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో డర్స్లీ అని చిన్న పట్టణం ఉంది. ఆర్. ఏ. లిస్టర్ కంపెనీ అక్కడిదే. 1930 ప్రాంతంలో వాళ్లు సి.ఎస్. అనే డీజిల్ ఇంజను తెచ్చారు. కోల్డ్ స్టార్ట్ అనే మాటకు అవి పొడి అక్షరాలు. అంతకు ముందు చాలా ఆయిల్ ఇంజన్లకు తలను బ్లో ల్యాంపుతో ఎర్రగా కాల్చాలి, అప్పుడే అంటుకునేవి. దీనికి ఆ తతంగం లేదు. చల్లటి ఇంజనును చేత్తో తిప్పితే చాలు. మా వైపు ఎక్కువగా వచ్చింది 6/1 రకం. ఆరు గుర్రాల శక్తి, ఒక సిలిండరు, నిమిషానికి 650 చుట్లు. నాలుగున్నర అంగుళాల సిలిండరు, అయిదున్నర అంగుళాల స్ట్రోకు. రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కాబట్టి సెకనుకు అయిదు దెబ్బలకు కాస్త పైన. అంత నిదానంగా నడుస్తుంది కాబట్టే అంతకాలం నడుస్తుంది. డర్స్లీలో దాని తయారీ 1987లో ఆగిపోయింది. కానీ గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో దాన్ని అచ్చు అలాగే పోతపోసి ఎన్నో చిన్న కర్మాగారాలు బతికాయి. రెండో అరుగు మీద ఉన్నది ఆ రాజ్‌కోట్ నకలే. మూడోది కిర్లోస్కర్ ఏవీ1. అయిదు గుర్రాలు, 1500 చుట్లు, మొదటి రెండింటి ముందు చిన్న పిల్ల. నలుగురు మోసుకుని దిగగలిగింది అదొక్కటేనని ఆ లోతుకు దాన్ని కొన్నారట.

ఇంటికి తిరిగి వచ్చాక పెద్దాయన భార్య ఒక ట్రంకు పెట్టె తెరిచి, చీర కొంగుతో తుడిచి ఇత్తడి పలక నా చేతిలో పెట్టింది. దొంగలు డీజిల్ పంపు ఎత్తుకెళ్లిన మర్నాడే ఆమె దాన్ని విప్పించి దాచిందట. పలక మీద కుంకుమ మరకలున్నాయి. దసరాకు ఆయుధ పూజలో ఏటా దానికి బొట్టు పెడుతూనే ఉంది. ఇంజను బావిలో, దాని పేరు దేవుడి గదిలో.

పశువుల కొట్టం తలుపుకు ఆనించి ఉన్న ఇనుప దిమ్మెను నేను వెళ్లేటప్పుడు గమనించాను. అది లిస్టర్ హెడ్, అంటే సిలిండరు పైమూత. పక్కన చిన్న చేతి చక్రం కూడా ఉంది. ఇంజను మొదలుపెట్టేటప్పుడు ఆ చక్రం బిగిస్తే సిలిండరులో ఒత్తిడి పెరిగి సులువుగా అంటుకుంటుంది, వేడెక్కి బరువు లాగేటప్పుడు వదులు చేస్తారు. తొలి లిస్టర్లకు గుర్తు అది. హెడ్‌ను తిప్పి చూస్తే వాల్వుల మధ్య వెంట్రుకలాంటి పగులు.

పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అది నేనే చేశాను నాయనా" అన్నారు చివరికి. "డెబ్బై ఒకటిలో. నాకు పద్దెనిమిదేళ్లు. చల్లబరిచే నీళ్ల కుళాయి విప్పడం మరిచిపోయి ఇంజను పెట్టాను. ఎర్రగా కాగాక గుర్తొచ్చి ఒక్కసారిగా నీళ్లు వదిలాను. మా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. నడుచుకుంటూ బళ్లారి పోయి రాజ్‌కోట్ హెడ్ ఒకటి తెచ్చి వేశాడు. ఆ పంట మాత్రం ఎండిపోయింది."

ఈ హెడ్ కూడా ఇవ్వమని అడిగాను. ఇనుము వ్యాపారి మూడింటికీ కలిపి ఇరవై నాలుగు వేలు చెప్పి వెళ్లాడట, కిలోకు ముప్పై చొప్పున, బయటికి తీసే ఖర్చు తనదే. నేను ముప్పై రెండు వేలు ఇచ్చాను. బేరం ఆడలేదు. ఇలాంటి చోట బేరమాడితే వస్తువు దక్కుతుంది గానీ దాని కథ దక్కదు.

మాఘమాసంలో పని పెట్టుకున్నాం. ఎండలు ముదిరితే ఆ బండల మధ్య నిలబడలేం. మేము వెళ్లే పదిరోజుల ముందే పెద్దాయనకు ఒక డబ్బా డీజిల్ ఇచ్చి, ఎక్కడెక్కడ పోయాలో చూపించి వచ్చాను. పై రెండు ఇంజన్ల పునాది బోల్టుల మీద, హెడ్ నట్ల మీద, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్లైవీళ్ల కీల మీద, రోజుకు రెండుసార్లు. ఆయన ఒక్క పూట కూడా తప్పలేదు.

ఈ పనిలో అసలు కష్టం ఫ్లైవీలు తీయడం. షాఫ్టుకూ చక్రానికీ మధ్య గాడిలో ఒక ఏటవాలు కీ దిగ్గొట్టి ఉంటుంది. దాని తల ముక్కులా బయటికి పొడుచుకుని ఉంటుంది. అరవై ఏళ్ల తుప్పు ఆ మూడింటినీ ఒకే లోహం చేసేస్తుంది. ముక్కును పట్టి లాగితే రాదు, పక్క నుంచి కొడితే ముక్కు విరుగుతుంది. విరిగితే లోపలి ముక్కను డ్రిల్లుతో తొలుచుకుంటూ పోవాలి. మేస్త్రీ గారు ముందు వైరు బ్రష్షుతో షాఫ్టు చివరను అద్దంలా తోమించారు. షాఫ్టు మీద ఏ చిన్న గంటు ఉన్నా చక్రం దాని మీదుగా జారదు, అందుకని సన్నటి ఆకురాయితో వాటిని కూడా తీసేశారు. తర్వాత బ్లో ల్యాంపుతో చక్రం నడుమ భాగాన్ని మాత్రమే చుట్టూ కాల్చారు. కీకి సెగ తగలనివ్వలేదు. చక్రం వేడికి వ్యాకోచించాలి, కీ చల్లగా ఉండాలి. నేను రెండు ఏటవాలు ఉక్కు ముక్కలు లేత్ మీద తయారు చేసి తెచ్చాను. వాటిని కీ ముక్కుకూ చక్రానికీ మధ్య సందులో ఎదురెదురుగా పెట్టి, రెండు సుత్తులతో ఇద్దరం ఒకేసారి కొట్టాలి. ఒకరి దెబ్బ ముందు పడితే ముక్కు వంగుతుంది.

కొడుతూ పోయాం. మొదట్లో దెబ్బ మొద్దుగా, మట్టిలో పడినట్టు వినిపించింది. మళ్లీ కాల్చాం, మళ్లీ కొట్టాం. గంట దాటింది. ఒక దెబ్బకు చప్పుడు మారింది. గుడి గంటను వేలితో తట్టినట్టు ఖంగుమని సన్నగా మోగింది. మేస్త్రీ గారు చెయ్యెత్తారు. "వదిలింది" అన్నారు. నేను చూస్తే ఏమీ కదిలినట్టు లేదు. ఆయన గోరు పెట్టి చూపించారు. కీ మీద నూలు మందం మెరిసే గీత. అరవై ఏళ్లుగా వెలుతురు చూడని ఉక్కు. తర్వాత అయిదు నిమిషాల్లో కీ చేతిలోకి వచ్చింది. వేడిగా, నల్లటి నూనెతో, ఒక్క తుప్పు చుక్క లేకుండా.

రెండో చక్రం అరగంటలో వచ్చింది. రాజ్‌కోట్ ఇంజను దగ్గర మాకు అంత అదృష్టం లేదు. ఒక వైపు కీ ముక్కు విరిగింది. ఆ అరుగు మీద కరెంటు డ్రిల్లు నడిపే వీలు లేదు. ఒక ఫ్లైవీలుతోనే దాన్ని పైకి తీద్దామని నేను నిర్ణయించాను. ఆ నిర్ణయానికి తర్వాత మూల్యం చెల్లించాను.

పైకి లాగడానికి క్రేను రాదు. బావి అంచున మూడు కాళ్ల దన్ను వేద్దామంటే అరుగు గోడకు ఆనుకుని ఉంది, తాడు నిలువుగా దిగదు. చుట్టూ తిరిగి చూసి మేస్త్రీ గారు కపిల రాళ్ల దగ్గర ఆగారు. తోలు బానతో నీళ్లు లాగిన రోజుల్లో ఎద్దుల బలమంతా ఆ రాళ్ల మీదే పడేది. అవి బావి లోపలికి వాలి, సరిగ్గా మొదటి అరుగు మీదుగా ఉన్నాయి. వాటి మీదుగా ఇనుప దూలం వేసి, వెనక కొసను బండలతో అదిమి, వైరు రోపుతో కట్టాం. బరువులెత్తే మామూలు చైన్ బ్లాకుకు పదడుగుల గొలుసే ఉంటుంది. ఇరవై అడుగుల గొలుసున్నది వెతికి అద్దెకు తెచ్చాను. ముందు అయిదు క్వింటాళ్ల ఇసుక మూటలు వేలాడదీసి గంటసేపు వదిలేశాం. రాళ్లు కదలలేదు. దూలం మీద సున్నంతో గీసిన గుర్తు కూడా జరగలేదు. అప్పుడే ఇంజనుకు తాడు వేశాం.

లిస్టర్ మొద్దు సాయంత్రం నాలుగింటికి అంచు మీదికి వచ్చింది. గొలుసు ఒక్కో కడీ పడుతున్న చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. పెద్దాయన టెంకాయ కొట్టి, ఇంజనుకు బొట్టు పెట్టి, చేతులు జోడించారు. ఆయన భార్య పసుపు నీళ్లు చల్లింది. ఎద్దులకు చేసినట్టే చేశారు.

మర్నాడు రాజ్‌కోట్ ఇంజను. ఇరవై రెండు అడుగుల నుంచి ఒకే లాగుడుకు రాదు కాబట్టి ముందు మొదటి అరుగు మీదికి తెచ్చి, తాడు మార్చి, మళ్లీ లాగాలి. ఒక చక్రం ఉంది, ఒక చక్రం లేదు. బరువు ఒక వైపు లాగుతుందని నాకు తెలుసు. తాడును ఆ వైపుకు జరిపి కట్టాను, కానీ కావలసినంత జరపలేదు. పైగా క్రాంక్‌కేసు కింద నుంచి కట్టాను. బరువు మధ్యస్థానం తాడుకంటే పైన ఉంటే ఏమవుతుందో ఏ కూలీని అడిగినా చెబుతాడు. ఎనిమిదడుగులు లేచాక ఇంజను నిదానంగా ఒరిగి, తల కిందికి వేలాడింది. వాల్వులు తెరిచే రాకర్ గోడకు కొట్టుకుని విరిగింది. కింద ఎవరూ లేరు, అది మేస్త్రీ గారి నియమం. బరువు గాలిలో ఉండగా దాని కింద మనిషి ఉండకూడదు. ఆ నియమమే లేకపోతే ఈ కథ నేను రాయగలిగేవాణ్ని కాదు. దాన్ని అలాగే తిరిగి అరుగు మీదికి దించి, చేతి డ్రిల్లుతో రోజున్నర తొలిచి, విరిగిన కీ తీసి, చక్రం విప్పాక మళ్లీ లాగాం. మొదటే అలా చేసి ఉండాల్సింది.

కిర్లోస్కర్‌ను దుంగకు కట్టి నలుగురం మెట్ల మీదుగా మోసుకొచ్చాం. అడుగున మూడో అరుగు దగ్గర నిలబడి తల పైకెత్తితే ఆకాశం చిన్న చదరంగా కనిపించింది. కాళ్ల కింద పొడి ఇసుక. ఫుట్‌వాల్వు ఆ ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది.

వంక దాటించడానికి ట్రాక్టరు రెండుసార్లు దిగబడింది. చెరకు పిప్పి, రాళ్లు, కొమ్మలు, చివరికి మా దుప్పట్లు కూడా చక్రాల కింద వేశాం. రాత్రి పదకొండుకు రోడ్డెక్కాం.

షాపులో పని మూడు నెలలు పట్టింది. లిస్టర్ పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోయి ఉంది. దాన్ని సుత్తితో కొట్టే మనిషిని నేను షాపులోకి రానివ్వను. డీజిల్‌లో గేరు ఆయిల్ కలిపి సిలిండరు నిండా పోసి మూడు వారాలు వదిలేశాను. రోజూ పొద్దున మట్టం చూసేవాణ్ని. ఇరవయ్యో రోజున అది అర అంగుళం దిగింది. అంటే రింగుల పక్క నుంచి నూనె దారి చేసుకుంది. తుమ్మకర్రను లేత్ మీద సిలిండరు కొలతకు తిప్పి, పిస్టన్ మీద నిలిపి, నేను మెల్లగా తడుతూ ఉంటే కుర్రవాడు ఫ్లైవీలును అటూ ఇటూ ఊపాడు. ఒక చెంచా మందం కదిలింది. ఆ రోజుకు అంతే చాలనుకున్నాం. నాలుగో రోజుకు పిస్టన్ బయటికి వచ్చింది. సిలిండరు గోడ మీద ఒక చోట తుప్పు గుంట తప్ప మిగతాది పనికొచ్చేదే. కొత్త రింగులు, డీజిల్ పంపు, నాజిల్ రాజ్‌కోట్ సరుకే తెప్పించాను. డర్స్లీలో పుట్టిన ఇంజనుకు గుజరాత్ పంపు బోల్టు గుంటలతో సహా అతికినట్టు సరిపోయింది. ఆ పోతపోసేవాళ్లు ఎంత నిజాయితీగా నకలు తీశారో అప్పుడు అర్థమైంది.

రంగు వేయలేదు. చాలామంది వేయమన్నారు. జిడ్డు మాత్రం కిరోసిన్‌తో కడిగాను. హ్యాండిల్ పట్టే చోట రంగు అరిగి ఇనుము నున్నగా మెరుస్తుంది. ఒక కుటుంబం చేతులు అరగదీసిన చోటు మీద నేను బ్రష్షు పెట్టలేను. ఇత్తడి పలకను దాని గుంటల్లోనే బిగించాను, కుంకుమతో సహా. పగిలిన హెడ్ షాపులో దేవుడి పటం కింద గూటిలో ఉంది.

ఒక ఆదివారం పొద్దున మేస్త్రీ గారిని పిలిపించాను. పక్కన నీళ్ల డ్రమ్ము పెట్టి, గొట్టం కలిపి, నీళ్లు బయటికి పోయే చోట బకెట్టు పెట్టాం. డీజిల్ పైపులో గాలి తీశాం, బుడగలు లేకుండా ధార వచ్చేదాకా. ఇంజను తేలికగా తిరిగేలా, పొగ బయటికి పోయే ఎగ్జాస్టు వాల్వు ఎత్తి పట్టుకుని ఆయన నిలబడ్డారు. నేను హ్యాండిల్ తిప్పాను. అయిదారు చుట్లకు నాజిల్ కీచుమంది. ఆ కీచు వినపడితే నూనె సన్నటి తుంపరగా పడుతోందని అర్థం. నాన్న ఆ శబ్దం కోసం తల పక్కకు వంచి వినడం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఇంకా వేగం పెంచాను. "వదులుతున్నా" అని మేస్త్రీ గారు లీవరు వదిలారు. ఒక బరువైన దెబ్బ. తెల్లటి పొగ. ఆగిపోతుందనుకున్న చోట ఇంకో దెబ్బ. తర్వాత మరొకటి. ఫ్లైవీళ్లు తమ బరువును తామే అందుకున్నాయి. వేగాన్ని అదుపు చేసే గవర్నర్ సర్దుకుంది. రోడ్డు మీద వెళ్తున్న ఒక ముసలాయన సైకిలు దిగి, షాపు గుమ్మంలో నిలబడిపోయాడు.

పెద్దాయనకు ఫోను చేశాను. ఏమీ చెప్పకుండా ఫోనును ఇంజను దగ్గర పెట్టాను. ఒక నిమిషం అటు నుంచి మాట రాలేదు. ఆయన భార్య గొంతు దూరంగా వినిపించింది, "మనదే, మనదే" అని. తర్వాత ఆయన లైన్లోకి వచ్చారు.

"నీళ్లు వదిలావా నాయనా?"

ఫోను పట్టుకుని వంగి, వేడినీళ్లు బకెట్టులో పడుతున్న చప్పుడు ఆయనకు వినిపించాను.